కూలి తగ్గితే కారు గెలుస్తుందా? డిగ్లీపూర్ అడవి నుంచి పెనుకొండ దాకా

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. ఇరవై తొమ్మిది పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. కార్మిక సంఘాలు వీటిని హక్కుల హరణమన్నాయి, పరిశ్రమ వర్గాలు స్వాగతించాయి. కార్మికుల మీద పెట్టే ఖర్చు, వారిని తీసుకోవడంలోనూ తొలగించడంలోనూ ఉన్న బిగింపు సడలితే దేశీయ పరిశ్రమ ప్రపంచంతో పోటీపడగలదన్నది స్మృతులను సమర్థించేవారి ప్రధాన వాదన. ఈ వాదనకు ఉదాహరణ కావలసి వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే పేరు కార్ల పరిశ్రమ.

వాదన వినడానికి సహజంగానే ఉంది. వస్తువు ధరలో కూలి ఒక భాగం కనుక కూలి తగ్గితే ధర తగ్గాలి, ధర తగ్గితే అమ్మకం పెరగాలి. అయితే ఇది ఎనభయ్యేళ్ళ చరిత్ర ఉన్న పరిశ్రమ. ఏ సంస్థలు నిలిచాయో, ఏవి కూలాయో, ఎందుకు కూలాయో చెప్పే ఆధారాలు బహిరంగంగానే ఉన్నాయి. వాటిని పరిశీలించే ముందు, ఈ దేశంలో కూలి అత్యంత చౌకగా దొరికిన చోటును ఒకసారి చూడడం మేలు.

చౌక కూలికి ప్రయోగశాల

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో కార్ల కర్మాగారం లేదు. అక్కడి రోడ్ల మీద తిరిగే ప్రతి వాహనమూ ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చి దిగినదే. కానీ కూలి ఖర్చుకూ పరిశ్రమ మనుగడకూ ఉన్న సంబంధాన్ని ఆ ద్వీపాల కలప వ్యాపారం చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదు.

1858 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస మొదలైంది. 1883లో అటవీ శాఖ, చాథమ్ కోత మిల్లు ఏర్పడ్డాయి. చెట్టు నరికినవాడూ, దుంగ లాగినవాడూ ఖైదీయే. వేతనమన్న మాటకు అర్థమే లేని శ్రమ అది. అయినా ఆ శ్రమ సర్కారుకు ఉచితంగా రాలేదు. ఖైదీకి తిండి పెట్టాలి, కాపలా ఉంచాలి, మలేరియా వస్తే వైద్యం చేయించాలి. ఖైదీల మీద మాత్రమే ఆధారపడడం కుదరక 1918 నుంచి ఛోటానాగపూర్ ఆదివాసులను తీసుకురావడం ఆరంభమైంది. కేథలిక్ మిషన్ ద్వారా, గడువు ఒప్పందాల మీద వచ్చిన ఆ కూలీలకు ద్వీపాల్లో ‘రాంచీలు’ అన్న పేరు స్థిరపడింది. వారు వేసిన బాటల మీద తరువాతి తరాలు నడిచాయి. వారిలో చాలామందికి కాళ్ళ కింది నేల మీద పట్టా మాత్రం దక్కలేదు.

స్వాతంత్ర్యానంతరం 1951లో ఉత్తర అండమాన్ అడవులను పి.సి.రే అండ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థకు దీర్ఘకాలిక లైసెన్సు మీద అప్పగించారు. అడవికి కొదవ లేదు, కూలీకి కొదవ లేదు, దుంగలు లాగడానికి ఏనుగులను ఓడల్లో దించారు. అయినా సంస్థ చితికిపోయింది. లైసెన్సు వివాదం కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది. 1962 ప్రాంతంలో కంపెనీ వదిలేసిన ఏనుగులు ఇంటర్వ్యూ ద్వీపంలో అడవి మందగా మారాయి. వాటి సంతతిని శాస్త్రవేత్తలు ఇప్పటికీ అధ్యయనం చేస్తున్నారు.

డిగ్లీపూర్ పరిసరాల్లో అడవి కొట్టిన నేల మీద 1950లలో తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను స్థిరపరిచారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి కూలికీ చేపల వేటకూ వెళ్ళిన తెలుగువారు ద్వీపాల పట్టణాల్లో, రేవుల్లో కుదురుకున్నారు. 2011 జనగణనలో ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు. అంటే శ్రమకు కొరత వచ్చిన ప్రతిసారీ కొత్త పేదరికం నుంచి కొత్త కూలీ దొరుకుతూనే వచ్చాడు.

మరి పరిశ్రమ ఎందుకు నిలవలేదు? ఉత్తర అండమాన్‌లో కోసిన దుంగ మద్రాసుకో కలకత్తాకో చేరాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సముద్రం దాటాలి. ఓడ ఎప్పుడు వస్తుందో, రేవులో ఎన్నాళ్ళు ఆగుతుందో, వర్షాకాలంలో వస్తుందో రాదో అన్నదాని మీద ఖర్చు ఆధారపడేది. కేంద్రం 1971లో ప్రారంభించిన రవాణా సబ్సిడీ పథకంలో ఈ ద్వీపాలను చేర్చింది అందుకే. చివరకు శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక దరిమిలా 2002 మే 7న సుప్రీంకోర్టు సహజారణ్యాల నరికివేతకు అడ్డుకట్ట వేసింది. ప్రధాన భూభాగపు మార్కెట్ కోసం పెట్టిన ప్లైవుడ్ మిల్లుల శకం దాంతో ముగిసింది. ఖైదీ, ఒప్పందపు కూలీ, శరణార్థి, వలస కార్మికుడు అంటూ నాలుగు రకాల చౌక శ్రమను వరుసగా వాడుకున్న పరిశ్రమ రాయితీ లేకుండా, అడవిని కరిగించకుండా తన కాళ్ళ మీద నిలబడిన దశ కనిపించదు. ఆ లెక్కల పుస్తకంలో కూలి ఒక వరుస. ఓడ కిరాయి, రేవు, దూరం, మార్కెట్ తక్కిన వరుసలు. ఆ వరుసల బరువును కూలి మోయలేకపోయింది.

కారు కథకు తెలుగు మూలం

భారతదేశంలో కార్ల కర్మాగారం గురించి తొలుత పట్టుదలగా ఆలోచించినవారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముఖ్యులు. ఆయన ఇంటిపేరు ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం గ్రామానిది. 1930ల మధ్యలో ఐరోపా, అమెరికాల్లోని కర్మాగారాలు చూసి వచ్చి బొంబాయిలో కార్ల పరిశ్రమకు ప్రణాళిక తయారుచేశారు. 1937లో ఏర్పడిన బి.జి.ఖేర్ కాంగ్రెస్ మంత్రివర్గం సానుకూలంగా స్పందించింది. భారత ప్రభుత్వాన్ని నడుపుతున్న బ్రిటిష్ అధికారులు మాత్రం అడ్డుచెప్పారు. నాటికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు విడిభాగాలు దిగుమతి చేసుకుని భారతదేశంలోనే కార్లు బిగించి అమ్ముతున్నాయి. భారతీయ కూలి అమెరికా కూలిలో ఎన్నో వంతని ఆ సంస్థలకు బాగా తెలుసు. అయినా అవి ఇక్కడ తయారీకి దిగలేదు, బిగింపుతోనే సరిపెట్టుకున్నాయి.

ఈ ప్రయత్నాన్ని కొనసాగించినవారు వాల్‌చంద్ హీరాచంద్. 1940లో బెంగళూరులో విమాన కర్మాగారం, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగిన విశాఖపట్నం నౌకా నిర్మాణ కేంద్రం, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఆయన స్థాపించినవే. రెండేళ్ళ ముందే బిర్లాలు హిందుస్థాన్ మోటార్స్ నెలకొల్పారు.

1953లో టారిఫ్ కమిషన్ చేసిన సిఫార్సు ఈ పరిశ్రమ చరిత్రను మలుపు తిప్పింది. దశలవారీగా విడిభాగాలు కూడా ఇక్కడే తయారుచేసే కార్యక్రమం లేని సంస్థలు తప్పుకోవాలన్నది దాని సారం. జనరల్ మోటార్స్, ఫోర్డ్ తప్పుకున్నాయి. దేశీయ సంస్థలకు రక్షణ దొరికింది, కానీ కమిషనే గుర్తించిన మరో జబ్బు నయం కాలేదు. చాలా చిన్న మార్కెట్‌ను అనేక సంస్థలు పంచుకున్నాయి. ఏడాదికి కొన్ని వేల కార్లు చేసే కర్మాగారంలో అచ్చుల ఖర్చు, యంత్రాల ఖర్చు ఒక్కొక్క కారు మీద ఎంత పడుతుందో ఊహించవచ్చు. లైసెన్సు విధానం ఆ కర్మాగారాన్ని పెద్దది కానివ్వలేదు, పోటీ లేని మార్కెట్ దాన్ని మారనివ్వలేదు.

1950ల చివర ఉత్తర్‌పారాలో మొదలైన అంబాసిడర్ 2014 మే నెలలో ఆగిపోయింది. ఆ మధ్యకాలమంతటా ప్రపంచంతో పోలిస్తే భారతీయ కార్మికుడి వేతనం చాలా తక్కువ. ఆ తక్కువ వేతనం అంబాసిడర్‌ను ఏ విదేశీ మార్కెట్‌లోనూ గెలిపించలేదు. కొనుగోలుదారుకు ఎంచుకునే వీలు కలిగిన రోజున స్వదేశంలోనే ఓడించింది పనితీరూ నాణ్యతా.

ఆల్విన్ నేర్పిన పాఠం

తెలుగునేల మీద వాహన తయారీకి అసలైన పరీక్ష హైదరాబాద్ ఆల్విన్. నిజాం కాలంలో 1942లో మొదలై, సనత్‌నగర్‌లో బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, తరువాత చేతిగడియారాలు తయారుచేసిన సంస్థ అది. రాష్ట్ర ప్రభుత్వ యాజమాన్యంలోని ఆ సంస్థ 1980లలో జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో తేలికపాటి లారీల తయారీకి జహీరాబాద్‌లో కర్మాగారం పెట్టింది. అదే కాలంలో డి.సి.ఎం. టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా కూడా అదే తరహా జపాన్ లారీలతో రంగంలోకి దిగాయి.

1985 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో ఐదు ధనిక దేశాల ఆర్థిక మంత్రులు ఒక ఒప్పందం చేసుకున్నారు. తరువాత రెండేళ్ళలో డాలరుతో యెన్ విలువ దాదాపు రెట్టింపైంది. జపాన్ నుంచి విడిభాగాలు తెచ్చుకునే నాలుగు సంస్థల లెక్కలూ తలకిందులయ్యాయి. జహీరాబాద్ కార్మికుడి జీతంలో వచ్చిన మార్పేదీ దీనికి కారణం కాదు. ఆ జీతం మొత్తం మిగుల్చుకున్నా యెన్ దెబ్బ పూడేది కాదు.

ఇదే సమయంలో, 1986లో, టెల్కో తన 407 లారీని విడుదల చేసింది. సొంత రూపకల్పన, దేశంలో తయారైన విడిభాగాలు, ఊరూరా మరమ్మతు తెలిసిన మెకానిక్కులు దాని బలం. జపాన్ పేర్లున్న లారీలను వెనక్కి నెట్టి ఆ తరగతిలో 407 నిలదొక్కుకుంది. టెల్కో కార్మికుడు ఆల్విన్ కార్మికుడి కన్నా చౌకగా పనిచేసినందువల్ల దక్కిన విజయం కాదది. ఆ దశాబ్దం ముగిసేలోగా ఆల్విన్ నిస్సాన్‌ను మహీంద్రా తీసుకుంది. రిఫ్రిజిరేటర్ల విభాగం తరువాత వోల్టాస్ చేతికి వెళ్ళింది. హైదరాబాద్‌లో ఇప్పటికీ చాలామంది ఆల్విన్ పతనానికి ‘యూనియన్లే కారణం’ అంటారు. ప్రభుత్వ సంస్థల నిర్వహణలో లోపాలు లేవని ఎవరూ అనలేరు. కానీ వాహన విభాగం వరకు, లెక్క తప్పింది విదేశీ మారకంలో.

మారుతి: రెండు వైపులా పదునైన ఉదాహరణ

చౌక శ్రమ వాదానికి గట్టి ఆధారంగా చూపేది మారుతి సుజుకీని. కాబట్టి దాన్ని నిదానంగా చూడాలి.

1981 ఫిబ్రవరిలో ప్రభుత్వ సంస్థగా ఏర్పడిన మారుతి ఉద్యోగ్, 1982 అక్టోబరులో సుజుకీతో ఒప్పందం చేసుకుంది. 1983 డిసెంబరు 14న తొలి కారు బయటకు వచ్చింది. వి.కృష్ణమూర్తి, ఆర్.సి.భార్గవ నాయకత్వంలో ఆ సంస్థ పాత కర్మాగారాల కన్నా అనేక రెట్లు ఎక్కువ సంఖ్యలో కార్లు చేసే లక్ష్యంతో మొదలైంది. యజమానికీ కార్మికుడికీ ఒకే యూనిఫారం, ఒకే క్యాంటీన్, ఉత్పత్తి పెరిగితే ప్రోత్సాహక బోనసు ఉండేవి. విడిభాగాల తయారీదారులను చుట్టుపక్కలే పెంచి, 1990ల నాటికి కారులో అత్యధిక భాగం దేశంలోనే తయారయ్యేట్టు చేసింది. అంబాసిడర్‌ను ఓడించిన మారుతి తన కార్మికుడికి తక్కువ ఇచ్చి గెలవలేదు, ఒక్కొక్క కార్మికుడి చేత ఎన్నో రెట్లు ఎక్కువ కార్లు చేయించి గెలిచింది.

దారి తరువాత మారింది. 2000లో ప్రోత్సాహక వేతనం మీదే గుర్గావ్‌లో సమ్మె వచ్చింది. 2000ల రెండో సగంలో మొదలైన మానేసర్ కర్మాగారంలో ఒకే వరుసలో ఒకే పని చేసే శాశ్వత కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ వేతనంలో పెద్ద అంతరం ఏర్పడింది. నిమిషం లోపు ఒక కారు వరుస దాటేది, టీ విరామం ఏడున్నర నిమిషాలు. 2011లో సొంత యూనియన్ కోసం జూన్‌లో పదమూడు రోజుల సమ్మె, ఆగస్టు చివర ‘సత్ప్రవర్తన పత్రం’ మీద సంతకం పెట్టాలన్న షరతుతో నెలకు పైగా ప్రతిష్టంభన, అక్టోబరులో మళ్ళీ సమ్మె జరిగాయి. 2012 జూలై 18న జరిగిన హింసలో మానవ వనరుల విభాగాధికారి అవనీశ్ కుమార్ దేవ్ మరణించారు. ఐదు వందలకు పైగా శాశ్వత కార్మికులను సంస్థ తొలగించింది. 2017 మార్చిలో గుర్గావ్ కోర్టు 31 మందిని దోషులుగా తేల్చి, వారిలో 13 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 117 మంది నిర్దోషులుగా విడుదలయ్యారు. వారిలో అనేకులు ఏళ్ళ తరబడి జైల్లో గడిపిన తరువాత వచ్చిన తీర్పది.

ఇంత మూల్యం చెల్లించి ఆదా చేసింది ఎంత? 2011-12లో సంస్థ నికర అమ్మకాలు సుమారు 34,700 కోట్ల రూపాయలు. ఉద్యోగులందరి మీద, అంటే అధికారులతో సహా, పెట్టిన ఖర్చు అందులో రెండున్నర శాతం లోపే. హింస జరిగిన రెండు నెలలకు గుర్గావ్ కార్మికులతో కుదిరిన ఒప్పందంలో నెల వేతనం మూడేళ్ళలో సుమారు 18,000 రూపాయలు పెరిగింది. 2018-19 నాటికి ఉద్యోగుల వ్యయం అమ్మకాల్లో దాదాపు నాలుగు శాతానికి చేరింది. చౌక శ్రమ సిద్ధాంతం ప్రకారం సంస్థ పోటీలో వెనకబడాలి. జరిగింది వేరు. దేశీయ కార్ల మార్కెట్‌లో దాని వాటా 38 శాతం ప్రాంతం నుంచి 51 శాతానికి పెరిగింది. లాభం 1,600 కోట్ల ప్రాంతం నుంచి 7,500 కోట్లకు చేరింది.

వేతనం పెంచినందువల్లే వాటా పెరిగిందనడం మరో అతిశయోక్తి అవుతుంది. కొత్త మోడళ్ళు వచ్చాయి, 2011-12లో సంస్థ లాభాన్ని దెబ్బతీసిన యెన్ తరువాత బలహీనపడింది. ప్లాజా ఒప్పందం నాడు ఆల్విన్‌ను ముంచిన యెన్ పాతికేళ్ళ తరువాత మారుతి లెక్కల్లోనూ వేతనాల కన్నా పెద్ద పాత్ర పోషించింది. ఇక్కడ రుజువయ్యేది ఇంతవరకే: వేతనభారం వాటా గణనీయంగా పెరిగినా పోటీశక్తి తగ్గలేదు.

వాదనలో మిగిలే బలం

చౌక శ్రమ వాదులకు ఇక్కడ ఒక న్యాయమైన సమాధానం ఉంది. కారు కంపెనీ లెక్కలో కనిపించే నాలుగు శాతం అసలు కథ కాదు. అమ్మకాల్లో సింహభాగం విడిభాగాల కొనుగోలుకు పోతుంది. ఆ విడిభాగాల్లో, వాటి ముడిసరుకులో, రవాణాలో దాగిన శ్రమను కలిపితే కూలి వాటా చాలా పెద్దది. ఈ మాట నిజం. కానీ అది వాదాన్ని మరో చోటికి తీసుకుపోతుంది. విడిభాగాల చిన్న కర్మాగారాల్లో వేతనం ఇప్పటికే కనీస వేతనం చుట్టుపక్కల తిరుగుతోంది. పరిశ్రమల వార్షిక సర్వే ప్రకారం సంఘటిత కర్మాగారాల కార్మికుల్లో ఇప్పుడు ఐదింట రెండు వంతుల మంది కాంట్రాక్టు మీదే ఉన్నారు. తగ్గించవలసింది ఎక్కువగా తగ్గిపోయిన చోట ఇంకా తగ్గించి సాధించే పోటీశక్తి ఎంత? ఏటేటా చేతులు మారే కార్మికుడికి నైపుణ్యం నేర్పే ఖర్చు ఎవరు పెడతారు?

నిష్క్రమించిన సంస్థలను చూసినా ఇదే తేలుతుంది. జనరల్ మోటార్స్ 2017 చివరికి దేశీయ అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరు 9న ఇక్కడి తయారీకి స్వస్తి చెబుతూ, పదేళ్ళలో రెండు వందల కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని ప్రకటించింది. మరైమలై నగర్‌లో కార్మికుడి జీతం డెట్రాయిట్‌లో కార్మికుడి జీతంలో చిన్న భాగం. ఆ చవక ఫోర్డ్‌ను కాపాడలేదు. సగం ఖాళీగా ఉన్న కర్మాగారం, ఈ మార్కెట్‌కు తగ్గ చిన్న కార్లు లేకపోవడం దాన్ని ముంచాయి. అదే చెన్నై పరిసరాల్లో, అదే కార్మిక విపణిలో, హ్యుందయ్ నిండుగా నడిచింది.

కియా 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌తో ఒప్పందం చేసుకుని పెనుకొండ దగ్గర ఎర్రమంచిని ఎంచుకున్నప్పుడు అనంతపురం కూలి రేటు మాత్రమే చూడలేదు. భూమి, గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్ళు, రాయితీలు, బెంగళూరు సామీప్యం, చెన్నై చుట్టూ హ్యుందయ్ అప్పటికే పెంచిన విడిభాగాల వ్యవస్థ, తూర్పు తీరపు రేవులు అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్‌లోకి వచ్చింది. దానికి నెల ముందే, జూలైలో, రాష్ట్ర శాసనసభ స్థానికులకు 75 శాతం ఉద్యోగాలన్న చట్టం చేసింది. ఒకే రాష్ట్రంలో ఒక ప్రభుత్వం రాయితీలిచ్చి పరిశ్రమను పిలిచింది, తరువాతి ప్రభుత్వం ఉద్యోగాల వాటా కోరింది. ఆ ఉద్యోగాల్లో ఎన్ని శాశ్వతం, ఎన్ని కాంట్రాక్టు, ఎంత వేతనం అన్న ప్రశ్న రెండు సందర్భాల్లోనూ చర్చ మధ్యకు రాలేదు.

అడగవలసిన లెక్క

2025 ఏప్రిల్‌లో చైనా రేర్ ఎర్త్ అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు విధించినప్పుడు, విద్యుత్ కార్లు చేసే భారతీయ కంపెనీలు కలవరపడ్డాయి. కారు ధరలో అతి స్వల్పభాగమైన ఒక వస్తువు రాకపోతే అసెంబ్లీ లైను ఆగే పరిస్థితి వచ్చింది. బ్యాటరీ కణాలదీ అదే కథ. 1953లో టారిఫ్ కమిషన్ అడిగిన ప్రశ్న, అంటే ఇక్కడ తయారవుతున్నది ఎంత, బిగింపు మాత్రమే జరుగుతున్నది ఎంత అన్నది, డెబ్బై ఏళ్ళ తరువాత మళ్ళీ ఎదుట నిలిచింది. దీనికి కార్మిక స్మృతుల్లో సమాధానం లేదు.

కూలికి లెక్కలో స్థానం లేదని చరిత్ర చెప్పడం లేదు. ఉత్పాదకత పెరగకుండా వేతనం మాత్రమే పెరిగితే ఏ పరిశ్రమా నిలవదు. కానీ డిగ్లీపూర్ కలప నుంచి జహీరాబాద్ లారీ దాకా, మరైమలై నగర్ ఫోర్డ్ దాకా కూలిన సంస్థలను కూల్చింది దూరం, మారకపు విలువ, చాలని ఉత్పత్తి పరిమాణం, సొంత రూపకల్పన లేమి. వీటిని సరిచేయడం కష్టం, కాలం పట్టే పని. కూలి తగ్గించడం సులువు, ఎందుకంటే ఎదుటివాడు బలహీనుడు.

ఇకమీదట ఏ సంస్థ అయినా శ్రామిక చట్టాల నుంచి మినహాయింపు కోరితే, శాసనసభ్యులు ఆ సంస్థ లెక్కల పుస్తకంలో తక్కిన వరుసలు కూడా చూపమని అడగాలి. విడిభాగాల్లో దిగుమతి ఎంత, కర్మాగారం సామర్థ్యంలో వాడకం ఎంత, పరిశోధన మీద ఖర్చెంత, కాంట్రాక్టు కార్మికులెందరు అని అడగాలి. రాయితీ ఇస్తున్నది ప్రజాధనం కనుక ఆ లెక్క చూసే హక్కు ప్రజలకుంది. మానేసర్‌లో నిర్దోషులుగా బయటపడిన 117 మంది జైల్లో పోగొట్టుకున్న కాలం ఇప్పటిదాకా ఆ పుస్తకంలో ఏ వరుసలోనూ నమోదు కాలేదు.